బావ కాపలా కాసిన ఫోల్డర్లు

మా అక్క మొగుడికి అనుమానం ఎక్కువ. ఇంటికి తాళం వేసి లాగి చూస్తాడు. మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి, ఇంకోసారి లాగి చూస్తాడు. అక్క ఫోన్లో కాస్త ఎక్కువసేపు నవ్విందంటే ఎవరని అడగడు. అడిగితే అబద్ధం చెబుతారని ఆయన సిద్ధాంతం. పక్కనే కూర్చుని పేపర్ చదువుతున్నట్టు నటిస్తూ వింటాడు, అవతల ఉన్నది నేనే అయినా సరే. "కోడిగుడ్డు మీద ఈకలు పీకే మనిషికి కట్టబెట్టారే నన్ను" అని అక్క నవ్వేస్తుంది. ఆవిడకు అలవాటైపోయింది.

ఇలాంటి మనిషికి తగ్గ ఉద్యోగమే దొరికింది. భవనాలకు ప్లాన్లు గీసే ఆఫీసులో కంప్యూటర్లన్నీ ఆయన చేతి కింద ఉంటాయి. నేనూ అక్కడే ప్లాన్లు గీస్తాను. మా దగ్గర కంప్యూటర్లు మూడు జాతులు. ప్లాన్లు గీసేవాళ్ళకు విండోస్, రంగుల బొమ్మలు చేసేవాళ్ళకు మ్యాక్, భవనం మోసే బరువులు లెక్కకట్టే గదిలో లైనక్స్. బావ రాకముందు ఒక గదిలో ఫైలు ఇంకో గదిలో కావాలంటే పెన్‌డ్రైవ్ పట్టుకుని తిరిగేవాళ్ళం. ఆయన వచ్చి ఎవరి ఫోల్డర్ వాళ్ళకు ఒకే సర్వర్లో పెట్టాడు. ఇప్పుడు విండోస్ ముందు కూర్చున్నా, మ్యాక్ ముందు కూర్చున్నా, పేరూ పాస్‌వర్డూ కొడితే మన ఫోల్డరే వచ్చేస్తుంది. అందరం కలిసి వాడుకునే ఉమ్మడి ఫోల్డర్ వేరే ఉంది. ఒంటిచేత్తో చేశాడు ఇదంతా. పని దగ్గర మా బావకు వంక పెట్టలేం అనుకునేదాన్ని.

ఒకరోజు ఉమ్మడి ఫోల్డర్లో ఒక బడి భవనం ప్లాన్లు మాయమయ్యాయి. బావ ముందుజాగ్రత్తగా దాచుకున్న కాపీల్లోంచి మధ్యాహ్నానికల్లా వాటిని వెనక్కి తెచ్చాడు కాబట్టి పని ఆగలేదు. కానీ తీసేసిందెవరని చూస్తే, సర్వర్ కొత్తమ్మాయి పేరు చూపించింది.

కొత్తమ్మాయి నా పక్క సీటే. పని నేర్పింది నేనే. నెమ్మదస్తురాలు, నోట్లో నాలుక లేని పిల్ల. అయితే అంతకుముందు మా పోటీ సంస్థలో పనిచేసి వచ్చింది. బావకు ఇంకేం కావాలి?

"ఆ అమ్మాయినే ఒక్క మాట అడగొచ్చుగా బావా?" అన్నాను.

"దొంగని అడిగి దొంగతనం తేల్చినవాళ్ళు ఎక్కడైనా ఉన్నారటే?"

"పొరపాటున తీసేసిందేమో!"

"నువ్వూరుకో. నీకు ప్రతివాళ్ళూ మంచివాళ్ళే."

అడగలేదు. కాపలా కాశాడు. ఆ పిల్ల ఏ ఫైలు తెరుస్తోందో, ఎంతసేపు ఉంచుతోందో సర్వర్ గదిలో కూర్చుని చూశాడు. సంగతి ఎలా పొక్కిందో గానీ హాలంతా చెవులు కొరుక్కోవడం మొదలుపెట్టింది. కొత్తమ్మాయి వస్తే కాఫీ మెషీన్ దగ్గర మాటలు ఆగిపోయేవి. ఎందుకో ఆ పిల్లకు తెలియదు. నాకు ఒళ్ళు మండిపోయేది.

చివరికి ఆఫీసు యజమాని ఆర్కిటెక్ట్ మేడమ్ కొత్తమ్మాయిని తన గదిలోకి పిలిపించింది. పని నేర్పినదాన్నని నన్నూ రమ్మంది. బావ ల్యాప్‌టాప్‌లో సర్వర్ తెరిచి పెట్టుకుని కూర్చున్నాడు.

"ఒప్పుకుంటే గొడవ లేకుండా పంపించేస్తాను. లేదంటే రేపు నీ గురించి ఏ ఆఫీసువాళ్ళు అడిగినా ఉన్నదున్నట్టు చెప్పాల్సొస్తుంది" అంది మేడమ్.

ఆ మాట బయటికి వెళ్తే ఈ వృత్తిలో ఆ పిల్లకు ఇంకెక్కడా పని దొరకదు. మాది అందరూ అందరికీ తెలిసిన లోకం.

"నేను తియ్యలేదు మేడమ్" అంది కొత్తమ్మాయి. చేతులు రెండూ ఒళ్ళో దాచుకుంది. బావ నా వైపు చూశాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటోంది చూశావా, అని ఆ చూపు.

"నీ ఫోల్డర్లో ఒక ఇంటి ప్లాన్ ఉంది. మనకు అలాంటి పనే రాలేదు. ఎవరికోసం గీస్తున్నావు?" అన్నాడు.

"అది మా అమ్మకు. కట్టుకునే తాహతు లేదు సార్. ఊరికే గీసి చూపిద్దామని..." ఆగింది. "నా ఫోల్డర్ మీరెప్పుడు చూశారు?"

"అడిగినదానికి చెప్పు."

అంతలో బావ చూపు స్క్రీన్ మీద ఆగిపోయింది. నేనూ వంగి చూశాను. ఉమ్మడి ఫోల్డర్లో ఒక ఫైలు సేవ్ అయింది. పక్కన కొత్తమ్మాయి పేరు. చూస్తుండగానే ఇంకొకటి. ఆ పిల్ల చేతులు ఇంకా ఒళ్ళోనే ఉన్నాయి.

బావకు అప్పుడైనా జాలి కలిగిందా? లేదు. "ఇంకొకళ్ళు కూడా ఉన్నారన్నమాట! పాస్‌వర్డ్ ఎవరికిచ్చావ్?" అంటూ లేచాడు. ఆ ఫైళ్ళు లెక్కల గదిలోని పాత లైనక్స్ నుంచి వస్తున్నాయని చూసి అటు పరుగెత్తాడు. వెనకాలే నేను.

గదిలో ఉన్నది తాతగారు ఒక్కరే. బరువుల లెక్కలు కట్టే పెద్ద ఇంజినీరుని మేమలా పిలుస్తాం.

"ఏం నాయనా, సర్వర్లో మళ్ళీ చోటు చాల్లేదా? మొన్న కూడా చాలకపోతే నేనే ఉమ్మడి ఫోల్డర్లోంచి పాతవనుకుని కాసిని తీసేశాను" అన్నారాయన తాపీగా.

బావ ఆ మెషీన్లో ఏదో తెరిచి చూసి, అప్పుడు సంగతి చెప్పాడు. సర్వర్ మనిషిని పేరుతో గుర్తుపట్టదట, నంబరుతో గుర్తుపడుతుందట. ఎవరి నంబర్ ఎవరిదో సర్వర్లో ఒక జాబితా ఉంటుంది. మిగతా మెషీన్లన్నీ దాన్నే అడుగుతాయి. ఈ పాత మెషీన్లో మాత్రం బావ వచ్చిన కొత్తలో చేత్తో ఎక్కించిన సొంత జాబితా ఉంది. తాతగారి నంబర్ అందులోదే. తాతగారు ఇది తప్ప ఇంకో మెషీన్ ముట్టరు కాబట్టి ఆయన్ని సర్వర్ జాబితాలో చేర్చనేలేదు. అక్కడ ఖాళీగా కనబడిన అదే నంబర్‌ను కొత్తమ్మాయికి ఇచ్చాడు. తాతగారు ఏం చేసినా ఆ పిల్ల పేరు మీద పడింది. అక్క నవ్వును కూడా నమ్మని మనిషి, తన చేతిపనిని మాత్రం ఒక్కసారీ అనుమానించలేదు.

తిరిగొచ్చి చెబితే మేడమ్ తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. "సరే, మెషీన్ తప్పు. దీన్నిక పెద్దది చెయ్యొద్దు."

"మెషీన్ది కాదు మేడమ్, నాది" అన్నాడు బావ. ఊరుకోకుండా హాల్లోకి వెళ్ళి అందరి ముందూ అదే మాట చెప్పాడు. ఆ క్షణాన మా బావంటే నాకు గర్వం వేసింది.

కొత్తమ్మాయి తన సీటు దగ్గర నిలబడి ఉంది. బావ దగ్గరికి వెళ్ళాడు.

"తప్పయిపోయిందమ్మా. సాయంత్రానికల్లా ఆ మెషీన్ కూడా సర్వర్ జాబితానే చూసేలా చేస్తాను. ఇంకొకళ్ళ పని నీ మీద పడదు. నీ ఫోల్డర్ నువ్వు తప్ప ఎవరూ తెరవలేరు."

"మీరు?"

 

"నేను తెరవగలను" అన్నాడు బావ.

ఆ పిల్ల కూర్చుంది. మా కళ్ళముందే వాళ్ళమ్మ కోసం గీసిన ఇంటి ప్లాన్ తీసేసింది.

"దీని కాపీ కూడా మీ దగ్గర ఉంటుంది కదా సార్?"

"ఉంటుంది."

"అదీ తీసెయ్యండి."

బావ సర్వర్ గదిలోకి వెళ్ళి తీసేశాడు. నిజంగా తీశాడో లేదో, ఆ పిల్ల ఆయన భుజం వెనకే నిలబడి చూసుకుంది.