మంచులో సుత్తి చప్పుడు

మా పట్టాల పనివాళ్ళ గ్యాంగ్‌లో ఎవరైనా దెయ్యాల కబుర్లు ఎత్తితే నేను లేచి టీ గ్లాసు కడుక్కోవడానికి వెళ్ళిపోయేదాన్ని. ఇప్పుడు నేనే చెబుతున్నాను కాబట్టి, జరిగింది జరిగినట్టే చెబుతాను.

నేను చీపురుపల్లి వైపు రైల్వేలో కీమ్యాన్‌ని. ఆడదాన్నైనా ఉద్యోగం పేరు అదే. రోజూ పొద్దున్నే నాకిచ్చిన దూరం నడిచి, పట్టాలను పట్టి ఉంచే క్లిప్పులు వదులైతే సుత్తితో బిగించాలి. చలికాలం వస్తే ఇంకో భయం. ఇనుము ముడుచుకుని, అతుకుల దగ్గర పట్టా విరుగుతుంది.

ఆ ఏడు కార్తీకం చివర్లో మొదటి మంచు దిగింది. ఆరున్నరైనా పది స్లీపర్ల అవతల ఏమీ కనపడటం లేదు. గ్యాంగ్‌కి పెద్ద అయిన మా మేట్ అడ్డుపడ్డాడు.

"ఏటమ్మా, ఇలాటి మంచులో ఒక్కద్దానివీ ఎలా ఎల్తావు? ఇయ్యాల ఇంకెవులినైనా పంపుతాను."

"నా బీటు నేనే సూసుకుంటాను మావా," అన్నాను. ఉద్యోగంలో అది నా మొదటి చలికాలం. ఆ రోజు తప్పుకుంటే ఇంక ప్రతిసారీ తప్పుకోవాల్సిందే.

రెండు కిలోమీటర్లు నడిచాక, ముందు నుంచి సుత్తి చప్పుడు. టంగ్. కాస్త ఆగి మళ్ళీ టంగ్. నాకు ఒళ్ళు మండింది. నన్ను నమ్మక మేట్ ఎవరినో ముందే పంపాడనుకున్నాను.

"ఎవులది? ఆగండి!" అని అరిచాను. నేను వేగం పెంచితే చప్పుడూ అంతే దూరంలో ముందుకు సాగింది. అంత కోపంలోనూ ఒక్క క్లిప్పు వదల్లేదు, అన్నీ చూసుకుంటూనే వెళ్ళాను.

పట్టాల కింద నీళ్ళు పోయే మదుం దగ్గర చప్పుడు మారింది. వరసగా మూడు దెబ్బలు, బోలుగా. ఆపైన నిశ్శబ్దం.

వెళ్ళి చూస్తే ఎడమ పట్టా అతుకు దగ్గర విరిగి, రెండు వేళ్ళు దూరేంత సందు. విరిగినచోట తుప్పు లేదు, అప్పుడే విరిగినట్టు తెల్లగా మెరుస్తోంది. పాసింజరు వచ్చే వేళ.

ఎర్రజెండా అక్కడే పాతి, బండి వచ్చే వైపు పరిగెత్తాను. కంకర మీద రెండుసార్లు పడ్డాను. చక్రం ఎక్కగానే పేలి డ్రైవర్ని హెచ్చరించే టపాకాయలు పట్టా మీద బిగించాను. పేలాయి. బండి కీచుమంటూ నన్ను దాటి వెళ్ళి, జెండాకి ఇవతల ఆగింది.

డ్రైవరు దిగి, ఆ సందు చూసి, కంకర మీదే కూలబడ్డాడు. "తల్లీ, ఇంత మంచులో ఎలా సూసేవమ్మా?"

నేను మదుం అవతల మంచులోకి చూశాను.

మేట్‌ని అడిగితే, "నానెవుల్నీ పంపలేదమ్మా, ఒట్టు," అన్నాడు. అవతలి గ్యాంగ్ వాళ్ళూ ఇంకా బయల్దేరలేదు. మదుం అవతల స్లీపర్ల మీద మంచు తడి చెదరలేదు. ఇవతల నా అడుగులు మాత్రమే ఉన్నాయి.

చలికి ఇనుము అలా మోగుతుందన్నారు ఇంజనీరు గారు. కావచ్చు. కానీ మోగే ఇనుము మనిషితో పాటు నడవదు కదా.

మర్నాడు బీటు మారుస్తానన్నాడు మేట్. నేను ఒప్పుకోలేదు. అదే మంచులో, అదే దారిలో, చెవులు రిక్కించి మదుం దాకా నడిచాను. నా సుత్తి తప్ప ఏదీ మోగలేదు.

అది జరిగి మూడు చలికాలాలు దాటాయి. ఆ పొద్దున నా ముందు నడిచిందెవరో నాకు ఇప్పటికీ తెలీదు.