చెయ్యి తట్టేదాకా

మా పక్క క్వార్టర్ పంతులమ్మ మొన్న సోమవారం పొద్దున, బొగ్గుగని మొదటి షిఫ్టు సైరన్ మోగిన కాసేపటికి కన్నుమూశారు. మందమర్రిలో చిన్న తరగతులకు చదువు చెప్పి రిటైరైనవారు. చదువు పట్టుబడని పిల్లలను ఆ తర్వాత కూడా ఇంటికి పిలిపించుకొనేవారు. వారిలో మా చిన్నమ్మాయి ఒకతె. ఆ మేలును వరుసగా చెప్పడానికి ప్రయత్నిస్తాను.

రెండో తరగతి ముగిసినా మా అమ్మాయికి ఒక వాక్యం చదవడం రాలేదు. బడి మొహం చూడకుండా చదువు నేర్చుకొన్న నేను, ఏ విద్య అయినా వరుసలో పెడితే వస్తుందని నమ్మేవాణ్ణి. పిల్ల తడబడే అక్షరాలన్నీ పట్టికగా రాసి గోడకు అంటించాను. నన్ను కన్న మా అవ్వ మరో దారి చూసింది. "ఆడపిల్లను పరేషాన్ జేసుడెందుకురా? బడి బంద్ జెయ్యి. బీడీలు చుట్టుడు నేర్పుత" అన్నది.

పంతులమ్మ ఒకనాడు వచ్చి నా పట్టికను ఆసాంతం చూశారు. "గోడకు మంచిగనే చదువొచ్చింది తమ్మీ. ఇగ పిల్లను నాకాడికి తోలు" అన్నారు.

ఆమె పద్ధతిలో ఇద్దరూ చాపమీద పక్కపక్కన కూర్చొని, ఒకే వాక్యాన్ని ఒకేసారి పైకి చదవాలి. ఒంటరిగా చదవగలననిపిస్తే పిల్ల ఆమె ముంజేతిమీద తట్టాలి. ఆమె వెంటనే ఆగిపోతారు. పిల్ల ఎక్కడైనా చిక్కుకొంటే మళ్లీ గొంతు కలుపుతారు. "తప్పంటే పిల్ల మన మొకం జూస్తది తమ్మీ, అక్షరం జూడదు" అనేవారు.

వానలు తగ్గాక ఒక సాయంత్రం మా అమ్మాయి మొదటిసారి తట్టింది. చదివింది ఒక్క వాక్యమే. బీడీలకు తునికాకు కత్తిరిస్తున్న మా అవ్వ చేతిలో కత్తెర ఆగింది. "మళ్లొకపారి సదువు బిడ్డా" అన్నది. బడి మానిపించే మాట ఇక మా ఇంట్లో రాలేదు.

ఈ ఏడు పంతులమ్మకు ఆయాసం ముదిరింది. ఐదో తరగతికి వచ్చిన మా అమ్మాయి ఇప్పుడు పేపరంతా ఒంటరిగా చదవగలదు. అయినా రోజూ ఆమె మంచం పక్కన కూర్చొని, ఆమె గొంతు కలిసేదాకా ఆగి, ఆమె వేగానికే చదివేది. ఒకనాడు బయటికి పిలిచి మందలించాను.

"పంతులమ్మకు దమ్మొస్తున్నది. చెయ్యి తట్టి నువ్వొక్కదానివే చదువరాదు?"

"తడితే ఆగిపోతది గద బాపూ."



పంతులమ్మ పోవడానికి ముందురోజు, ఆదివారం సాయంత్రం, వాక్యం నడుమ ఆ గొంతు తనంతట తాను ఆగింది. ఆమె కళ్లు మూసుకొని నిద్రలోకి జారుకొన్నారు. మా అమ్మాయి ఆ ముఖం వంక ఒకసారి చూసి, వాక్యాన్ని చివరిదాకా చదివి, వాచకం మూసింది.

ఇప్పుడు సాయంత్రాలు మా వాకిట్లోనే చాప పరుచుకొని చదువుకొంటుంది. ప్రతి వాక్యం ముందు కొంచెం ఆగుతుంది. ఎడమచెయ్యి, పక్కనున్న ఖాళీ చోట బోర్లించి ఉంటుంది. వేళ్లు కదలవు.