ఫోను మోగని నవలలు

అద్దె పుస్తకాల షాపు వెనకగదిలో కూర్చుని చిరిగిన నవలలకు కుట్లు వేసే ఆమెను అందరూ సూదక్క అనేవారు. కట్టు ఊడిన పుస్తకాన్ని పదహారేసి పేజీల ఫారాలుగా విడదీసి, వరసలో పెట్టి, దారంతో కుట్టి, వెన్నుకు జిగురు రాయడం ఆమె పని. విడదీసేటప్పుడు నాలుగు లైన్లు కళ్లబడేవి. చాలా నవలల్లో ఎక్కడో ఒకచోట ఫోను మోగేది. మోగిందంటే కథ అడ్డం తిరిగేది.

పోయిన ఎండాకాలం షాపులో ఫోను మోగితే జిగురు చేత్తోనే ఎత్తింది. గోడలకు రంగులు వేసే తమ్ముడు నిచ్చెన మీంచి పడ్డాడని, పోయాడని చెప్పారు. "సరే" అని పెట్టేసి, సగంలో ఉన్న కుట్టు పూర్తిచేసింది. ఏడుపు అప్పుడూ రాలేదు, తర్వాతా రాలేదు.

అప్పటినుంచి ఆమె ఫోను ఎత్తడం మానేసింది. నవలలో ఫోను మోగే ఫారం కనబడితే దాన్ని సొరుగులో పడేసి, మిగతావి కుట్టేసేది. ఎందుకంటే ఆమెకూ తెలీదు. చెయ్యి దానంతటదే పక్కన పెట్టేది.

"ఈమధ్య నవలలు ఇట్టే అయిపోతున్నాయండీ" అని ఒకావిడ అంటే, షాపు నడిపే బాబాయి "మీరు వేగం పెంచారమ్మా" అని నవ్వేశాడు.

చివరికి వారంవారం నవలలు తీసుకెళ్లే టీచరమ్మ పట్టేసింది.

"ఈ పేజీలో మొగుడు గడ్డం గీసుకుంటున్నాడు. తిప్పితే పెళ్లాం రెండో పెళ్లికి బట్టలు కొంటోంది! మధ్యలో అతన్ని ఎవరు చంపారు, మీరా? సాయంత్రానికల్లా నా పుస్తకం నాకు సరిగ్గా కావాలి."

బాబాయి వెనకగదిలోకి వచ్చాడు. "ఫారం చిరిగిపోయిందా అమ్మాయ్?"

"లేదు బాబాయ్" అని సొరుగు లాగింది.

ఒక ఫారం చూశాడు. ఇంకోటి చూశాడు. అన్నిట్లోనూ ఫోనే. ఈ పని తప్ప ఆమెకు మరోటి రాదు.

"మానేయమంటే మానేస్తాను" అంది.

"మానేస్తే ఇవన్నీ నేను కుట్టాలా? నాకు సూదిలో దారం ఎక్కించడమే రాదు. దేని చోట దాన్ని పెట్టి కుట్టు తల్లీ."

టీచరమ్మ పుస్తకం విప్పి, ఫారం దాని చోట పెట్టి కుడుతూ ఉండగా ముందుగదిలో ఫోను మోగింది. బాబాయి కదల్లేదు.

"టీచరమ్మే అయ్యుంటుంది. వెళ్లు."

"మీరు చెప్పండి."

"కుట్టేది నువ్వు కదా."

ఫోను మోగుతూనే ఉంది. ఆమె లేచి, గుడ్డకు చేతులు తుడుచుకుని ఎత్తింది.

"అయిందా?" అంది టీచరమ్మ.

"ఇంకో నాలుగు కుట్లు."

"ఇంతకీ అతనికేమయింది?"

"ఫోను వస్తుందండీ. పోయాడని చెప్తారు."

"అయ్యో!"

"ఆ" అంది సూదక్క. రిసీవరు పెట్టేసి, వెనకగదిలోకి వచ్చి, మిగతా నాలుగు కుట్లూ వేసింది.