రాయప్ప మార్కుల కార్డు

మా ఇల్లు కర్ణాటక అంచున నాగలమడికలో, బస్సు నిలబడే చోటికి ఎదురుగా ఉండాది. పోస్టు సంచి దిగేది నా కండ్ల ముందరే. నాలుగో క్లాసు వరకూ చదివినా కాబట్టి కన్నడమైనా తెలుగైనా కూడబలుక్కోని చదువుతా. అందుకే పక్కింటి హనుమంతరాయప్పకు తుమకూరు నుంచి ఇంటర్వ్యూ కార్డు వస్తే, అతని కంటే ముందు నేనే చదివినా. చదివి, కాళ్లకు చెప్పులు కూడా లేకుండా వాళ్లింటికి పరుగెత్తినా.

రాయప్ప తండ్రి, బిడ్డ పాలు మరవకముందే పోయినాడు. తల్లి కెంచమ్మ నాలుగెకరాల మెట్టలో శెనక్కాయ వేసి, మిగతా దినాలు కూలికి పోయి, ఒక్కగానొక్క కొడుకును పావగడ హైస్కూలులో చదివించింది. పదో క్లాసు, ఎస్సెల్సీ పాసయినాడు. ఆ తరవాత పదమూడేండ్లు అతను చేసిన పని ఒక్కటే, ఉద్యోగం వెదకడం.

అన్నేండ్లు వెదికితే ఆ విద్య ఎవురికైనా వంటబడతాది. చుట్టుపక్కల ఎవురు అర్జీ పెట్టాలన్నా రాయప్ప దగ్గరికే వచ్చేవాళ్లు. అరుగు మీద కూర్చోబెట్టుకోని చెప్పేవాడు.

“ఎంప్లాయిమెంటు ఎక్స్చేంజి కార్డు మూడేండ్లకొకసారి రెన్యూవల్ చేయించల్ల. దినం దాటిందంటే నీ వరస అంతా పోయినట్లే. అర్జీలో కొట్టివేతలు వద్దు, తప్పు పోతే ఇంకో కాగితం తీసుకో. నకళ్లు మూడు తీయించి పెద్దాపీసరు సంతకం పెట్టించు. ఒరిజినల్ మాత్రం ఎవురి చేతికీ ఇయ్యద్దు, మీ నాయన చేతికి కూడా.”

అతను రాసిచ్చిన అర్జీతో బోరయ్య కండక్టరయినాడు. మారక్క కూతురు ఆస్పత్రిలో ఆయాగా కుదిరింది.

“అందరికీ ఇప్పిస్తివి, నీకెప్పుడప్పా వచ్చేది?” అని నేను గిల్లేదాన్ని.

“వైద్యుడికి సొంత మందు పని చెయ్యదు పెద్దమ్మా” అని నవ్వేవాడు.

ఆ కార్డు వచ్చిన యేడు వాన మొగమే చూడలేదు. అంతకు ముందటేడూ అంతే. శెనక్కాయ చెట్టు పీకితే వేరుకు రెండు కాయలు, అవీ గింజలేని డొల్లలు. సగం వీధి బెంగళూరుకు మట్టిపనికి పోయింది. రాయప్పకు ఇంకో నాలుగు నెలలైతే సర్కారు ఉద్యోగానికి వయసు దాటిపోతాది. కార్డు చేతిలో పెట్టుకోని, “ఇదే ఆఖరుది పెద్దమ్మా. అటెండరు పని. లిస్టులో మూడో పేరు నాది, పోస్టులు నాలుగు” అన్నాడు. ఆ దినం అతని గొంతులో నవ్వు లేదు.

ఇంటర్వ్యూ దినం తెల్లారకముందే వాళ్లింట్లో దీపం కనిపించి పోయినా. రాయప్ప స్నానం చేస్తా ఉన్నాడు. కెంచమ్మ ఆంజనేయస్వామి పటం ముందర మార్కుల కార్డు పరిచి, పసుపు నీళ్లలో కలుపుతా ఉండాది. మా పక్క విత్తనాల మూటకు బొట్టు పెడతాము, దున్నే మడకకు పెడతాము, కొత్త బస్సుకూ పెడతారు. బొట్టు లేకుండా ఏదీ గడప దాటదు. కాగితానికి మాత్రం ఎందుకు పెట్టగూడదు?

నాలుగు మూలలా పెట్టి, కెంచమ్మ నన్నడిగింది. “అక్కా, వాని పేరు యాడుండాదో చూపించు. దాని కింద కూడా ఒక బొట్టు పెడతా. స్వామికి ఎవురి కాగితమో తెలియద్దా?”

నేను వేలు పెట్టి చూపించినా. ఆమె పెట్టి, తడి ఆరకముందే మడిచి, కవర్లో పెట్టి కొడుక్కిచ్చింది. అతను తల్లి కాళ్లకు మొక్కి, కవరు చంకన పెట్టుకోని, మొదటి బస్సుకు పరుగెత్తినాడు.

పొద్దు మునిగినాక తిరిగొచ్చినాడు.

“ఏమాయప్పా?” అని ఇద్దరమూ ఒకేసారి అడిగితిమి.

“ఏముందిమ్మా, రికమండేషను. ముందే ఎవురికో ఇచ్చేసుకున్నారంట.”

కెంచమ్మ వీధిలోకి వచ్చి దోసిట మన్నెత్తి, “నా బిడ్డ కూడు తీసినోని నోట్లో పడనీ” అని తుమకూరు దిక్కుకు చల్లింది.

నాకు నమ్మకం కుదరలేదు. మూడో దినం రాయప్ప చేను గట్టున కంప కొడతా ఉంటే పోయి పట్టుకున్నా. “నిజం చెప్తావా, తుమకూరుకు నన్నే పొమ్మంటావా?”

కొడవలి కింద పెట్టి చెప్పినాడు. పసుపు నీళ్లకు ఇంకు కరిగి, పేరు కిందుండే పుట్టిన తేదీ అంతా మచ్చయిపోయిందంట. ఆపీసరు చూసి, “ఏన్రీ, తారీఖు తిద్దిద్దీరా?” అన్నాడంట. దిద్దినావా అని. పసుపు స్వామీ, మా అమ్మ పూజకు పెట్టింది అంటే గుమాస్తాలు నవ్వినారంట.

“ఆపీసరు చెడ్డోడు కాదు పెద్దమ్మా. సాయంత్రం ఐదు లోపల హైస్కూలు నుంచి తేదీ రాయించుకోని రా, నీ పేరు తీసెయ్యను అన్నాడు. తుమకూరు యాడ, పావగడ యాడ? అయినా వచ్చినా. దిగేసరికి నాలుగున్నర. హెడ్మాస్టరు ఇంటికి పోయినాడు. ఉన్నా గూడా ఎట్ల పోతా, రెక్కలు కట్టుకోనా? ఐదు కొట్టేదాకా స్కూలు గేటు కాడ కూర్చుంటి.”

“మరి మీ అమ్మకు రికమండేషన్ అని...”

“ఏమని చెప్పేది? పదమూడేండ్లు మొక్కింది. నీ చేత్తోనే పోయిందమ్మా అని చెప్పల్లా? నువ్వు గూడా చెప్పద్దు. ఊరి సంగతులన్నీ దండోరా వేసుకో, ఇదొక్కటి కడుపులో పెట్టుకో.”

వేలు పెట్టి చూపించింది నేనేరా అని నాలిక చివరికి వచ్చింది. మింగేసినా.

ఆ నాలుగు నెలలూ అయిపోయినాయి. రాయప్ప పావగడలో శెనక్కాయల మిషనులో మూటలు మోసే పనికి చేరినాడు. ఇప్పటికీ అదే పని. నడుము పట్టేసింది, పెండ్లి వద్దన్నాడు. ఆదివారాలు అర్జీలు మాత్రం మానలేదు. అన్నీ చెప్పినాక, కడాకు వాకిలి దిక్కు ఒకసారి చూసి గొంతు తగ్గిస్తాడు. “బొట్టు పెట్టుకుంటే కవరుకు పెట్టుకోండి. కార్డు తడవగూడదు.”

కెంచమ్మకు ఇప్పుడు చూపు సరిగా లేదు. నా అడుగు చప్పుడు వింటేనే మొదలుపెడతాది. “అక్కా, ఎవురింట్లో ఏం కూర వండినారో గూడా నీకు తెలుస్తాది. నా బిడ్డ పని ఎత్తుకపోయినోని పేరు ఇన్నేండ్లుగా కనుక్కోలేకపోతివే?”

“తెలియలేదు కెంచమ్మా” అంటా.

“ఇంకా అడుగు. ఎవురికో ఒకరికి తెలిసే ఉంటాది.”

“అడుగుతాలే” అంటా.