పిస్తోలుకు నుదురెక్కడ?

జంగయ్యకు చప్పుడంటే భయం. ఊరందరికీ తెలిసిన సంగతే కాబట్టి ఇక్కడ రాసినందుకు ఆయన ఏమీ అనుకోడు. దీపావళినాడు ముక్కు ఒక్కటే బయట పెట్టి దుప్పటి కప్పుకుంటాడు. కుక్కర్ మూడో కూత కూస్తుందేమోనని రెండో కూతకే పెరట్లోకి నడుస్తాడు. అలాంటి మనిషికి తండ్రి నుంచి రావలసిన ఆస్తిలో తుపాకీ మందుతో పేలే పాత పిస్తోలు ఒకటి ఉంది.

శామీర్‌పేట నుంచి కీసర వైపు పోయే దారిలో వాళ్లకు ఒకప్పుడు అంగూర్ తోట ఉండేది. పండ్ల మీద పడే పిట్టల్నీ కోతుల్నీ బెదిరించడానికి జంగయ్య నాయిన లైసెన్సు తీసుకుని దాన్ని పెట్టుకున్నాడు. తోట పోయింది, ప్లాట్లు వచ్చాయి. కోతులు మాత్రం ఎక్కడికీ పోలేదు, తీగల మీద పడేవి ఇప్పుడు బాల్కనీల మీద పడుతున్నాయి. మిగిలిన చెలకలో ఒక జమ్మి చెట్టుంది. ఏటా దసరా సాయంత్రం ఊరంతా అక్కడికే వస్తుంది. ముందు పాలపిట్టను చూస్తారు, ఎందుకంటే తర్వాత చూద్దామన్నా పిట్టలుండవు. జమ్మికి పూజ అవుతుంది. అప్పుడు ఆ పిస్తోలు ఒక్కసారి ఆకాశంలోకి పేలాలి. పేలాకే జమ్మి ఆకు తెంపి బంగారమని పంచుకోవాలి. లోపల గుండు ఉండదు, కాస్త మందు, దాని మీద ఒక గుడ్డ ఉండ, అంతే. ఠాణాలో అనుమతి తీసుకుంటారు, ఒక కానిస్టేబుల్ వచ్చి చేతులు కట్టుకుని నిలబడతాడు.

పెద్దాయన తన తర్వాత ఎవరు పేల్చాలని కొడుకులిద్దరినీ పరీక్షించాడట. పెద్దవాడు జంగయ్య పిస్తోలు చేతికివ్వగానే కళ్లు మూసుకున్నాడు. చిన్నవాడు సోమయ్య మందు పోస్తున్నంతసేపూ ముచ్చట్లు చెప్పి, పోశాడో లేదో తానే మరిచిపోయాడు. పెద్దాయన విసిగిపోయి, "వీడు కండ్లు మూస్తడు, వాడు నోరు మూయడు. ఓ దుర్గాబాయీ, ఇటు రా బిడ్డా," అని వంటింట్లో ఉన్న పెద్ద కోడల్ని పిలిచాడు.

అలా దుర్గాబాయి ఆ పిస్తోలు నేర్చుకుంది. పెద్దాయన పోయాక లైసెన్సు కూడా ఆమె పేరుకే మారింది. ఇప్పుడు ఆమెకు అరవై దగ్గర పడుతున్నాయి. పదవులన్నీ సోమయ్యే చూసుకున్నాడు, ఊరు మునిసిపాలిటీలో కలిసేదాకా సర్పంచ్‌గా చేశాడు. దుర్గాబాయి ఏదీ అడగలేదు. ఏడాదిలో ఆ ఒక్క నిమిషం మాత్రం తనది అనుకునేది.

ఆమె పద్ధతంతా వంటింటి పద్ధతే. మందు డబ్బా ఊరగాయ జాడీతో సమానం. తడి చెయ్యి తగలకూడదు, మూత తెరిచి ఉంచకూడదు, పొయ్యి ఉన్న గదిలోకి రాకూడదు. డబ్బాలోంచి నేరుగా గొట్టంలోకి ఎప్పుడూ పొయ్యదు. లోపల ఎక్కడైనా నిప్పురవ్వ దాక్కుని ఉంటే డబ్బాకి డబ్బానే లేస్తుంది. చిన్న ఇత్తడి కొలతలోకి తీసుకుని, డబ్బా మూసి దూరంగా పెట్టించి, అప్పుడు ఆ కొలతతో పోస్తుంది. తర్వాత గుడ్డ ఉండ పెట్టి ఇనుప కడ్డీతో మెల్లగా దింపుతుంది. కడ్డీ తీసి నడుము దగ్గర కొంగులో దోపి, "కడ్డీ నా కాడ ఉంది," అని పైకి అంటుంది. ఇది మామ నేర్పినదే. ఆయన ఒకసారి కడ్డీ తియ్యడం మరిచి పేల్చితే అది మూడు చెలకలు దాటి ఎవరిదో జొన్నచేనులో దిగింది. వెతకడానికి వెళ్లినవాళ్లకు ఆయన చెప్పిన మాట, "కొత్త రకం బాణం పరీక్ష చేస్తున్న."

అన్నిటికన్నా చివర టోపీ. పిస్తోలు వెనక భాగంలో చిటికెనవేలి గోరంత పొట్టి గొట్టం ఉంటుంది. దాని నడుమ సూది దూరేంత రంధ్రం. ఆ గొట్టానికి తొడిగే చిన్న రాగి బిళ్లే టోపీ. ఘోడా అనే సుత్తి వచ్చి టోపీని కొడితే నిప్పు పుట్టి, ఆ సూది రంధ్రంలోంచి లోపలి మందుకు అందుతుంది. ఆ దారి తెరిచి ఉందా లేదా అని దుర్గాబాయి ముందే చూసుకునేది. ఖాళీ పిస్తోలుకు ఒక టోపీ తొడిగి, పెద్ద గొట్టం మూతిని గడ్డిపోచ దగ్గర పెట్టి కొట్టేది. పోచ ఊగితే దారి బాగున్నట్టు. ఇంకో నియమం, కళ్లద్దాలు లేకుండా దాన్ని ముట్టదు.

పోయిన దసరాకు ముందు సోమయ్య ఒక వార్తతో వచ్చాడు.

"ఏంది వదినె, ఇంకెన్నేండ్లు గీ పాత డొక్కు? బౌరంపేట్ల విల్లాల ఓపెనింగుల ఒక మిషన్ సూసిన. బటన్ ఒత్తుడే ఆలస్యం, డబడబడబ, రంగు కాగితాలు గూడ వస్తయి. నేను ఒకటి తెప్పిస్తున్న."

"తెప్పియ్యి. నీ మనుమరాలి పుట్టినరోజుకు బాగుంటది."

"దసరాకు వదినె. ఊరు మస్తు మారింది. గిప్పుడు మన చెలక చుట్టు అన్ని చదువుకున్నోళ్ల ఇండ్లే. నీ పిస్తోలు ఓనాడు తుస్సుమంటే పరువేముంటది?"

దుర్గాబాయి చిక్కుడుకాయలకు పీచు తీస్తూనే, "తుస్సుమంటే ఠాణాల జమ చేస్త. ఇగ యేటేటా నీ మిషన్ నువ్వే ఒత్తుకో," అంది.

"మాటేనా?"

"మాటే. పేలితే మల్ల గీ ముచ్చట నా ఇంట్ల తియ్యొద్దు."

మాట ఇచ్చేశాక ఆమెకు గుబులు పట్టుకుంది. టోపీల డబ్బాలో మూడే మిగిలాయి, కొత్తవి దొరకడం కష్టంగా ఉంది. ఒకటి గడ్డిపోచకు, ఒకటి పేల్చడానికి, ఒకటి ఎందుకైనా మంచిదని.

మామూలుగా దసరా పొద్దున ఇంట్లో ఆయుధపూజ ముందు, గడ్డిపోచ పరీక్ష తర్వాత. ఈసారి పంతులు వేళకు రాలేదు. కొంపల్లిలో అపార్టుమెంట్ల కింద కార్లన్నీ వరసగా పూజకు నిలబడి ఉన్నాయి, ఆయన నిమ్మకాయలు పెట్టుకుంటూ వస్తున్నాడు. ఎదురు చూసి చూసి దుర్గాబాయి పరీక్ష కానిచ్చేసింది. గడ్డిపోచ చక్కగా ఊగింది. పంతులు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఆమె గారెలు వేస్తోంది, కాబట్టి పూజ గదిలో పని కోడలు స్రవంతి చేతిలో పడింది.

స్రవంతి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే పిల్ల. ఏ పని చేసినా గట్టిగా చేస్తుంది. మిక్సీకి, కుట్టుమిషన్‌కు, స్కూటర్‌కు, ల్యాప్‌టాప్‌కు బొట్లు పెట్టుకుంటూ వచ్చి పిస్తోలు దగ్గర ఆగింది.

"అత్తమ్మా, దీనికి బొట్టెక్కడ పెట్టాలె?"

"నుదుటికి."

"దీనికి నుదురెక్కడున్నది?"

బాణలిలో గారె తిరగబడే సమయం. దుర్గాబాయి వెనక్కి చూడలేదు. "టోపీ పెట్టేది యాడనో అదే నుదురు. గంత తెల్వదా పిల్లా?"

తెలిసింది. స్రవంతి ముందు తడి పసుపు పెట్టింది, దాని మీద కుంకుమ పెట్టింది, రాలిపోకుండా బొటనవేలితో గట్టిగా ఒత్తింది.

సాయంత్రం చెలకలో దుర్గాబాయి ఆ బొట్టును చూసింది. భక్తిగా కళ్లకద్దుకుని, టోపీ సరిగ్గా కూర్చోవాలి కాబట్టి పైపైన కొంగుతో తుడిచింది. పోచ పొద్దున్నే ఊగింది కదా, ఇంకో టోపీ ఎందుకు పాడుచెయ్యాలనుకుంది. మందు పోసింది, గుడ్డ దింపింది, "కడ్డీ నా కాడ ఉంది," అంది. సోమయ్య తన మిషన్‌ను అందరికీ కనపడాలని జమ్మి చెట్టుకు అవతల, పిస్తోలు పేల్చే వైపే పెట్టించాడు. జంగయ్య చెవుల్లో దూది కుక్కుకుని ట్రాక్టర్ వెనక్కి చేరాడు. దుర్గాబాయి టోపీ తొడిగి, చెయ్యి పైకెత్తి, ఘోడా వదిలింది.

టప్ మంది. అంతే.

అంతే అనడం కూడా సరికాదు. దారి మూసుకుపోయిన నిప్పు పక్కకు చిమ్మింది, దాంతోపాటు కుంకుమా చిమ్మింది. ఆమె అద్దాల మీద, ముక్కు మీద, నుదుటి మీద ఎర్రటి చుక్కలు పడ్డాయి. ముందు వరసలో ఉన్న బుచ్చమ్మ అవ్వ అది చూసి చప్పున రెండు చేతులూ జోడించింది.

"తుస్సేనా వదినె?" అన్నాడు సోమయ్య. అప్పటికే ఒక కాలు మిషన్ వైపు పడింది.

"ఎవ్వరు కదలొద్దు," అంది దుర్గాబాయి, చెయ్యి దించకుండా. "నిప్పు లోపట పండుకొని ఉండొచ్చు. ఎప్పుడు లేస్తదో తెల్వది."

"నేను బటన్ ఒత్తొస్త. జనం సూస్తున్నరు."

"నీ మిషన్ పిస్తోలు ముంగట పెట్టినవ్. పోతె పో. మీ నాయిన పైనుంచి సూస్తనే ఉన్నడు."

సోమయ్య కానిస్టేబుల్ వైపు చూశాడు. "అమ్మ చెప్పింది కరెక్టే సార్, కాలు ఎన్కకు తీసుకోండ్రి," అన్నాడతను. సోమయ్య కాలు వెనక్కి వచ్చింది.

చెలక మొత్తం నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దాన్ని ట్రాక్టర్ వెనకనుంచి చూసిన జంగయ్య, చెవుల్లో దూది వల్ల తనకు వినపడలేదు గానీ పేలడం అయిపోయిందనుకున్నాడు. జమ్మి రెమ్మ ఒకటి పట్టుకుని, భార్యకు మొదటి బంగారం ఇద్దామని నవ్వుతూ బయలుదేరాడు. జనం వద్దు వద్దని చేతులూపారు. దసరా పలకరింపు అనుకుని ఆయన కూడా ఊపాడు.

"ఓ అన్నా, ఆగు," అన్నాడు సోమయ్య.

"నీకు గూడ ఇస్త తమ్మి, ముందుగాల మీ వదినెకు," అన్నాడు జంగయ్య.

మంచి సంగతేమిటంటే ఆయన వెనకవైపు నుంచే వచ్చాడు. పక్కకు చేరాక భార్య మొహం మీద ఎర్ర చుక్కలు, పైకెత్తిన పిస్తోలు కనపడ్డాయి. నవ్వు ఆగిపోయింది. పారిపోవాల్సిన మనిషి అక్కడే నిలబడిపోయాడు.

"చెయ్యి గుంజుతాంది. మోచెయ్యి పట్టు," అందామె. ఆయనకు వినపడలేదు గానీ పెళ్లయి ఇన్నేళ్లు కాబట్టి అర్థమైంది. పట్టుకున్నాడు.

టోపీ పేలినా మందు అంటుకోకపోతే కదలకుండా ఇంతసేపు ఆగాలని మామ చెప్పిన గడువు ఎప్పుడో దాటింది. ఆ పైన నిలబడ్డదంతా కొంత సోమయ్య కోసం, కొంత ఆలోచించుకోవడానికి. మందు పోసింది. గుడ్డ పెట్టింది. కడ్డీ నడుముకే ఉంది. టోపీ పేలింది. మరి నిప్పు ఎక్కడ ఆగింది? అప్పుడు అద్దాల మీది ఎరుపు కనపడింది, ముక్కుకు పచ్చి పసుపు వాసన తగిలింది. మెల్లగా తల తిప్పి ఆడవాళ్లలో ఉన్న స్రవంతిని చూసింది. స్రవంతి బొటనవేలు వంక చూసుకుంటోంది.

దుర్గాబాయి గొట్టం మూతి ఆకాశానికే ఉంచి, ఘోడాను సగానికి ఎత్తి, పగిలిన టోపీ ఊడదీసింది. పుస్తెలతాడుకున్న పిన్నీసు తీసి ఆ రంధ్రంలో తిప్పింది. పసుపు పిసరు, కుంకుమ పిసరు బయటికొచ్చాయి. ఇత్తడి కొలత అంచున మిగిలిన నాలుగు మందు రవ్వల్ని రంధ్రంలో రాల్చింది. జంగయ్య కండువాతో అద్దాలు తుడుచుకుంది. డబ్బాలో మిగిలిన ఒకే ఒక్క టోపీ తొడిగింది.

"దుర్గా, నేను పోత," అన్నాడు జంగయ్య.

ఆమె ఘోడా వదిలింది.

ఢామ్మని పేలింది. తెల్లటి పొగ లేచి జమ్మి కొమ్మల్లో చిక్కుకుంది, చుట్టుపక్కల బాల్కనీల మీది కోతులు కనపడకుండా పోయాయి. జంగయ్య కళ్లు మూసుకునే ఉన్నాడు, మోచెయ్యి మాత్రం వదల్లేదు. కాసేపటికి ఒక కన్ను తెరిచి, "గింతేనా సప్పుడు? ఇన్నొద్దులు గిందుకేనా నేను ట్రాక్టర్ ఎన్క దాసుకున్నది?" అన్నాడు. చెవుల్లో దూది ఉందని ఆమె గుర్తు చెయ్యలేదు.

మాట ప్రకారం మిషన్ ఊసెత్తకుండా సోమయ్య మొదట వచ్చి వదిన కాళ్లకు మొక్కి జమ్మి తీసుకున్నాడు. తీసుకుంటూ గొంతు తగ్గించి, "ఏం అడ్డం పడ్డది వదినె?" అని అడిగాడు.

"నీ దిష్టి," అంది దుర్గాబాయి.

ఆ సాయంత్రమే ఆమె పిస్తోలు కడగడానికి కూర్చుంది. మందు మసి ఒక్కరోజు ఉంటే ఇనుము తుప్పు పడుతుంది, పెళ్లి వంటల గిన్నె నానబెట్టినట్టు రేపటికి ఉంచే పని కాదు. కుంకుడు రసం కలిపిన వేడినీళ్లు గొట్టంలో పోస్తే నల్లగా కారాయి, తెల్లగా వచ్చేదాకా పోసింది. టోపీ గొట్టం విప్పి విడిగా కడిగింది. గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాక పలచగా నూనె రాసింది. స్రవంతి పక్కన కూర్చుని నీళ్లందిస్తోంది.

"అత్తమ్మా, తప్పు నాదే."

"నుదురు సూపెట్టింది నేనే గద. ముఖం గూడ తిప్పకుండ సూపెట్టిన. మా మామ నేర్పిండు అన్ని, బొట్టు ముచ్చటొక్కటి సెప్పలే. వచ్చేయేడు చెక్కపిడికి పెడదాం."

"అది చెయ్యి కాదా?"

"గోరింటాకు అనుకో."

మర్నాడు కుక్కర్ రెండో కూతకే జంగయ్య పెరట్లో ఉన్నాడు. అక్కడే మిషన్ మోసుకుంటూ సోమయ్య ఎదురయ్యాడు. మిషన్‌ను ఎవరి పెళ్లికో అద్దెకిస్తున్నాడట, పేల్చకముందే పూజ చేయించాలట. వంటింటి కిటికీలోకి తొంగి చూసి, "వదినె, నా మిషన్‌కు బొట్టెక్కడ పెట్టాలె?" అన్నాడు.

దుర్గాబాయి పప్పు మెదుపుతోంది. ఈసారి మాత్రం పూర్తిగా తిరిగి, మిషన్ వంక, తర్వాత మరిది వంక తీరిగ్గా చూసి చెప్పింది.

"దానికి నుదురెక్కడిది సోమయ్యా? ఎటు సూసినా నోరే ఉన్నది."