చైన్ రంపం నూనెకు పాకం చూసిన రోజు

కొండల్లో మా మిలిటరీ పోస్టు చేరేసరికి మంచు కురవడం ఆగింది. రెండు వైపులా దేవదారు అడవి, మధ్యలో ఒక్కటే రోడ్డు. దాన్ని తెరిచి ఉంచడమే మా సెక్షన్ పని. నాకు తుపాకీతో పాటు పెట్రోల్‌తో నడిచే చైన్ రంపం ఇచ్చారు. ఊళ్లో అందరూ తుపాకీ సంగతే అడుగుతారు. నాకేమో రంపం సంగతి చెప్పాలని ఉంటుంది.

రంపంలో గొలుసు ఒక ఇనుప పట్టీ చుట్టూ తిరుగుతుంది. మధ్యలో నూనె అందకపోతే రెండూ మాడిపోతాయి. స్టోర్‌లో రెండు నూనె డబ్బాలున్నాయి. ఒకటి చిక్కన, ఒకటి పల్చన. ఏది మంచిదో రాసి పెట్టినవాడు లేడు.

మాది ఎడపల్లి. బాపు చెరకు రసం కాచి బెల్లం వండేవాడు. పాకం వచ్చిందా లేదా అని వేళ్ల మధ్య సాగదీసి చూసేవాడు. నేనూ బంకర్‌లో పొయ్యి పక్కన కూర్చుని నూనెలను అట్లాగే చూశాను. చిక్కనిది జానెడు తీగ సాగింది. పల్చనిది నీళ్లలా జారిపోయింది.

రేడియో ఆపరేటర్‌ది బాల్కొండ. నన్ను చూసి నవ్వాడు.

"బెల్లం వండుతున్నవా అన్నా?"

"గొలుసు జోరుగ తిరుగుతది. అంటుకోని నూనె ఎగిరి మన మొఖం మీదనే పడ్తది."

"మా ఊర్ల ట్రాక్టర్లకెళ్లి తీసిన పాత ఆయిలే పోస్తరు."

"అండ్ల ఇనుప రజను ఉంటది. పట్టీని తినేస్తది. గీ చిక్కనిదే మంచిది."

"ఇల్లు అలకంగనే పండుగ గాదన్నా. కోసి సూడు ముందు."

మరునాడు పొద్దున్నే పై పోస్టు వంటాయనను అంబులెన్సులో దించుతున్నారు. జ్వరం, కడుపునొప్పి. అపెండిక్స్ పగిలిందేమోనని డాక్టర్ అనుమానం. మా మలుపు దగ్గర ఒక దేవదారు రోడ్డుకు అడ్డంగా పడి ఉంది. అంబులెన్సు దాని అవతల ఆగిపోయింది.

రెండు నూనె డబ్బాలూ జీపులో వేసుకుని వెళ్లి, చిక్కనిది పోసిన రంపం పెట్టాను. జానెడు లోతు దిగకముందే పట్టీ పొగలు కక్కింది, గొలుసు వదులై వేలాడింది. మూత తీస్తే నూనె నిండుగానే ఉంది, పేరిన నెయ్యిలా. చుక్క కదలడం లేదు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

రేడియోలో హవల్దార్ గొంతు. "ఎంతసేపు?"

"ఏం చెప్పాలన్నా?" అన్నాడు ఆపరేటర్.

అప్పుడు గుర్తొచ్చింది. బాపు పాకాన్ని ముందు చల్లని నీళ్లలో వేసేవాడు, ఆ తర్వాతే సాగదీసేవాడు. ఆ సగం వదిలేసి నేను పొయ్యి పక్కన చూశాను. జీపులో చల్లబడి ఉన్న పల్చని నూనెలో వేలు ముంచాను. ఆ చలిలో అది సన్నగా, తెగకుండా సాగింది.

"జల్ది అయితదని చెప్పు."

చిక్కనిది వంపేసి పల్చనిది పోశాం. వేరే పట్టీ, వేరే గొలుసు బిగించాం. రంపం కొనను మంచు వైపు పట్టి ఇంజన్ రేజ్ చేశాను. తెల్లటి మంచు మీద సన్నటి నూనె గీత పడింది. అంటే నూనె అందుతోంది. ఇక ఆగకుండా కోశాను. మొద్దును అందరం కలిసి లోయలోకి దొర్లించాం, అంబులెన్సు కదిలింది. వంటాయనకు ఆపరేషన్ అయిందని, బతికాడని తర్వాత రేడియోలో తెలిసింది.

మిలిటరీ వదిలి వచ్చాక ఇప్పుడు బోధన్‌లో తుమ్మలు కోసేవాళ్లు ఏ నూనె పోయాలని నన్నే అడుగుతారు. మన ఎండలకు చిక్కనిది, చలికాలం పొద్దున కోస్తే కొంచెం పల్చనిది అంటాను. చెట్టు కిందనే వేలు ముంచి చూడమంటాను. "మిలిటరీల గిదేనా నేర్సింది?" అంటారు. గిదే అంటాను.

ఆ రోజు అంబులెన్సు నన్ను దాటుతున్నప్పుడు వంటాయన లోపలి నుంచి అద్దానికి అరచెయ్యి ఆనించాడు. వేళ్ల సందుల్లో రొట్టె పిండి ఎండిపోయి ఇంకా అంటుకునే ఉంది. ఆ చెయ్యి ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.