రేపల్లె బండి తప్పించిన జంట

ఇప్పుడు టీవీలో ప్రేమికులు విడిపోతే మా కోడలు ముక్కు చీదుకుంటుంది. నేను నవ్వను. నవ్వే హక్కు నాకు లేదు. డెబ్భైల మొదట్లో, టీవీ అన్న మాట మేము పేపర్లో చదవడమే తప్ప ఎరగని ఆ రోజుల్లో, మొహాలైనా తెలియని ఒక జంట కోసం నేనూ మా పెద్దమ్మా పడ్డ ఆరాటం ముందు ఇదెంత!

అప్పుడు నాకు పద్దెనిమిదేళ్ళు. రేపల్లెలో పెద్దమ్మ ఇంట్లో ఉండి టైపు నేర్చుకుంటున్నాను. సారథి, కల్యాణి అనే ఇద్దరి ప్రేమకథ ఆదివారం మధ్యాహ్నాలు రేడియోలో నాటకంగా వచ్చేది. పెద్దమ్మ ఆ పూట వంట పెందలాడే ముగించి, తల దువ్వుకుని, పేరంటానికి వెళ్ళినట్టు రేడియో ముందు కూర్చునేది. కథలో సారథి తల్లి పెళ్ళికి అడ్డుపడింది. "ఏం పోయేకాలమే ఆవిడకి? పిల్ల బంగారం కదా!" అంటూ పెద్దమ్మ ఆ వారమంతా అన్నం సగమే తింది (మిగతా సగం సాయంత్రం అటుకులతో భర్తీ చేసిందనుకోండి). నిజాంపట్నం నుంచి రొయ్యలు తెచ్చే ఆవిడ కూడా గంప దించుతూనే, "ఒప్పుకుందా అమ్మా ఆ ముసల్ది?" అని అడిగేది. ఇక నేనైతే ఆ గొంతున్న సారథి ఆరడుగుల పొడవూ ఉంగరాల జుట్టూ ఉంటాడని నిశ్చయించేసుకుని, అంతకు తక్కువవాణ్ణి చేసుకోనని నాలో నేనే ఒట్టు పెట్టుకున్నాను.

ఒకరోజు బట్టలు కొనడానికి తెనాలి వెళ్ళాం. తిరుగు ప్రయాణానికి స్టేషన్‌కి వస్తే రేపల్లె బండి సిద్ధంగా ఉంది. ఎక్కబోతుంటే వెనకనుంచి, "రెండు కాఫీలివ్వవయ్యా. ఒకదాంట్లో పంచదార తగ్గించు" అని వినిపించింది. నా చేతిలో సంచి జారిపోయింది. సారథి! తిరిగి చూస్తే పొట్టిగా, బట్టతలతో, మెడకు మఫ్లర్ చుట్టుకున్న నడివయసు మనిషి. పక్కన బెంచీ మీద లావుపాటి ఒకావిడ వక్కపలుకులు నములుతోంది. "ఈ కాఫీ నాకొద్దురా తమ్ముడూ" అంది. కల్యాణి! (రేడియో కల్యాణికి పందొమ్మిదేళ్ళు.) "తాగక్కయ్యా, గొంతుకి మంచిది" అన్నాడు సారథి.

పెద్దమ్మ మొహం పాలిపోయింది. "అక్కయ్యేంటి బాబూ, అక్కయ్య!" అంటూ నేరుగా వాళ్ళ మీదికి వెళ్ళింది. "మీ పెళ్ళి అవ్వాలని మేం దేవుడికి మొక్కుకుంటుంటే..." అని నిలదీసింది. ఆయన తెల్లబోయాడు. "అది నాటకమండీ... ఈవిడ మా పెద్దక్కతో చదువుకున్నారండీ" అని నసిగాడు. పెద్దమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కల్యాణి మాత్రం అవతలికి వెళ్ళి వక్కలు ఉమ్మి వచ్చి, పెద్దమ్మను చెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టింది.

"ఒక్కసారి కళ్ళు మూసుకోండి వదినగారూ. నువ్వూ మూసుకోమ్మా."

మూసుకున్నాం. "సారథీ, అత్తయ్యగారు ఒప్పుకునేదాకా ఎదురుచూస్తాను. నువ్వు మాత్రం ఆవిణ్ణి నొప్పించకు" అంది కల్యాణి. అచ్చంగా పందొమ్మిదేళ్ళ కల్యాణే, గొంతులో ఆ చిన్న వణుకుతో సహా. "ఆ గడపలో అడుగుపెడితే నువ్వే పెట్టాలి" అన్నాడు నా ఆరడుగుల సారథి. పెద్దమ్మ కళ్ళు తెరవకుండానే, "మీ అమ్మకి నేను చెప్పానని చెప్పు నాయనా" అంది. "తప్పకుండా చెప్తానండీ" అన్నాడాయన, సారథి గొంతుతోనే.

కళ్ళు తెరిచేసరికి మా రైలు గార్డు పెట్టె దూరంగా వెళ్ళిపోతోంది. కూత కూడా వినబడని మమ్మల్ని చూసి కాఫీవాడు విరగబడి నవ్వాడు. ఆవిడ తన కాఫీ పెద్దమ్మకిచ్చింది. వాళ్ళ బండి వచ్చేదాకా నలుగురం కారాసు పొట్లం పంచుకు తింటూ కబుర్లు చెప్పుకున్నాం. ఆ సాయంత్రం నవ్వినంత హాయిగా పెద్దమ్మ నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. కొన్ని వారాలకు రేడియోలో ఆ తల్లి పెళ్ళికి ఒప్పుకుంది. "చెప్పాడన్నమాట" అంది పెద్దమ్మ, అదంతా తన చలవే అన్నట్టు.

తర్వాత నేను బాపట్ల సంబంధం చేసుకున్నాను. మా ఆయనది పీలగొంతు, జుట్టు మాత్రం ఒత్తు. సుఖంగానే ఉన్నాం. అయినా ఒక్కోసారి తెనాలి స్టేషన్లో సంచి ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చున్న ఆ పిల్ల గుర్తొస్తుంది. బండి వెళ్ళిపోతోందే అని దాన్ని తట్టి లేపాలని మాత్రం నాకెప్పుడూ అనిపించదు.